విజయనగరం స్టేషన్ నుంచి బ్రేక్‌వ్యాన్‌లో లగేజీ: సారె సామాను పంపేం, ఇదీ రివ్యూ

రైల్లో మన టికెట్ మీదే ఎక్కువ సామాను బుక్ చేసుకుని బ్రేక్‌వ్యాన్‌లో, అంటే బండి చివర గార్డు బోగీలో సామాను పెట్టే గదిలో, వేయించుకోవచ్చు. ఈ సదుపాయం ఎప్పట్నుంచో ఉంది, ఇప్పటికీ ఉంది, కానీ మన శ్రీకాకుళం విజయనగరం వైపు ఎవర్ని కదిపినా "అది వ్యాపారస్తులకి కదండీ" అనేస్తారు. కాదు, మామూలు ప్యాసింజర్‌కి కూడా ఉంది. మేము మా అమ్మాయి సారె సామాను విజయనగరం నుంచి సికింద్రాబాద్‌కి అలాగే పంపేం, సామాను చక్కగా చేరింది, నేను ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. ఒక స్టార్ ఎందుకు కోసేనో మధ్యలో చెప్తాను.

సామాను ఏటంటే ముఖ్యంగా ఇత్తడి. మా ఆవిడ పట్టుబట్టి బుడితిలో కొన్న బిందెలు, గుండిగ, పూజ సామాను, వాటితోపాటు కొత్త బియ్యం, పలాస జీడిపప్పు, అరిసెల డబ్బాలు. ఇత్తడి చూడ్డానికి నాలుగు గిన్నెల్లాగే ఉంటాది గానీ ఎత్తితే తెలుస్తాది. ముందు ఒక ట్రావెల్స్ బస్సు వాళ్ళని అడిగేం, డిక్కీలో చోటుంటే చూద్దాం, రేటు ఎక్కేటప్పుడు డ్రైవర్‌తో మాట్లాడుకోండి అన్నారు, రసీదు ఇస్తారా అంటే రసీదు ఏటండి అన్నారు. రసీదు లేకుండా సారె సామాను పంపడం నాకు ఇష్టం లేదు, దారిలో పోతే ఎవర్ని అడుగుతాం.

ముందు ఫ్రీ లెక్క చెప్పేస్తాను, ఎందుకంటే 2025లో స్టేషన్లలో కూడా ఎయిర్‌పోర్ట్ లాగ సంచులు తూకం వేస్తారంట అని వార్తలొచ్చి వాట్సాప్‌లో తెగ తిరిగేయి కదా, అదేదో కొత్త రూల్ అని చాలామంది కంగారు పడ్డారు. రూల్ పాతదే. ఆ ఏడాది డిసెంబర్‌లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ లోక్‌సభలో ఇచ్చిన జవాబులో ఉన్నవీ ఆ పాత అంకెలే. మనిషికి సెకండ్ క్లాస్‌లో 35 కేజీలు ఫ్రీ, స్లీపర్‌లో 40, థర్డ్ ఏసీకీ చైర్ కార్‌కీ 40, సెకండ్ ఏసీకి 50, ఫస్ట్ ఏసీకి 70. దాని పైన డబ్బు కట్టుకుని సెకండ్ క్లాస్‌లో 70 వరకు, స్లీపర్‌లో 80, సెకండ్ ఏసీలో 100, ఫస్ట్ ఏసీలో 150 వరకు తీసుకెళ్ళొచ్చు, ఎక్కువైన బరువుకి మామూలు లగేజీ రేటుకి ఒకటిన్నర రెట్లు పడతాది. ఐదు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి ఫ్రీ బరువు సగం.

ఇక్కడే నాకు అస్సలు మింగుడుపడని విషయం ఒకటుంది. థర్డ్ ఏసీకి ఫ్రీ 40, గరిష్ఠం కూడా 40. అంటే డబ్బు కడతాను బాబూ అన్నా బోగీలోకి ఇంకో కేజీ పెంచరు, స్లీపర్‌లో కూర్చున్నాయన మాత్రం కట్టుకుని 80 దాకా పట్టుకెళ్ళొచ్చు. టికెట్‌కి ఎక్కువ పెట్టినోడికి తక్కువ, ఇదేం న్యాయం. మన వైపు నుంచి హైదరాబాద్, బెంగుళూరు వెళ్ళే కుటుంబాలు ఇప్పుడు ఎక్కువగా థర్డ్ ఏసీయే చేస్తున్నారు, పండక్కి వచ్చి తిరిగెళ్ళేటప్పుడు ఎవరి దగ్గర చూసినా బియ్యం మూట, పచ్చడి జాడీలు, ఉద్దానం కొబ్బరికాయలు ఉంటాయి. నలుగురున్న కుటుంబానికి నాలుగు నలభైలు కాబట్టి గడిచిపోతాది, ఒక్కడే వెళ్ళే కుర్రాడికే ఇబ్బంది. ఆ కుర్రాడికి దారి బ్రేక్‌వ్యానే.

సైజు కూడా చూసుకోవాలి. పెట్టె బయట కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటితే అది బోగీలో పెట్టుకునే సామాను కాదు, బరువు తక్కువైనా సరే బ్రేక్‌వ్యాన్‌లో వేయించాల్సిందే. మన ఇళ్ళల్లో ఉండే పాత ట్రంకు పెట్టెలు ఎత్తు దగ్గరే తప్పిపోతాయి, టేపు పెట్టి కొలుచుకుని బయల్దేరండి. అమ్ముకునే సరుకు ఐతే సొంత లగేజీ కింద బోగీలోకి ఒప్పుకోరు.

బుక్ చేయకుండా ఎక్కేస్తే ఏటవుద్ది అంటే, ఫ్రీ బరువు మీద ఇంకో పది కేజీల వరకు (ఫస్ట్ ఏసీకి పదిహేను) తేడా ఉంటే ఆ ఒకటిన్నర రెట్లతో వదిలేస్తారు, అదీ దాటితే ఆరు రెట్లు. 2018లో దీని మీద గోల జరిగినప్పుడు రైల్వే నుంచి ఒక ఉదాహరణ బయటికొచ్చింది: 500 కిలోమీటర్లు వెళ్ళే స్లీపర్ ప్యాసింజర్ దగ్గర 80 కేజీలుంటే, ఎక్కువైన 40కి ముందే బుక్ చేసుకుంటే 109 రూపాయలు, దొరికిపోతే 654. అప్పటి రేట్లు అవి, ఇప్పుడు ఎంతుందో కౌంటర్‌లో కనుక్కోండి, కానీ ఎంత తేడానో మీకే తెలుస్తాది.

ఇక అసలు విషయం, ఏ స్టేషన్‌కి వెళ్ళాలి అనేది. మాకు దగ్గర ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్. స్టేషన్ మంచిదే, ఎక్స్‌ప్రెస్‌లు చాలా ఆగుతాయి, కానీ చాలా బళ్ళు ఆగేది రెండు నిమిషాలు. బ్రేక్‌వ్యాన్ ఎక్కడుంటాదో మనందరికీ తెలుసు, బండికి ఈ చివరో ఆ చివరో, గార్డు గది ఉండే బోగీలోనే (ఇప్పుడు ఆయన్ని ట్రైన్ మేనేజర్ అంటన్నారు). ఆ చివరికి తోపుడు బండి పట్టుకెళ్ళి నిలబెట్టి, తలుపు తీసి, సీలు చూసి, ఇత్తడి పెట్టె ఎత్తి లోపల పడేసరికి బండి కూత వేసేస్తాది. అక్కడ సామాను మోసే పెద్దాయన ఒకాయన నాతో "రెండు నిమిషాల్లో మనిషి ఎక్కడమే కష్టం బాబూ, ఇంత పెట్టె ఎలాగెక్కిస్తాం, విజీనారం ఎల్లిపోండి" అన్నాడు. ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. విజయనగరం జంక్షన్, రాయగడ వైపు లైను కూడా అక్కడే కలుస్తాది, బళ్ళు కాస్త ఎక్కువసేపు నిలబడతాయి. విశాఖ ఐతే ఇంకా సుఖం, గోదావరి లాంటివి అక్కడే బయల్దేరతాయి కాబట్టి నింపాదిగా లోడు చేసుకోవచ్చు, కానీ ఆమదాలవలస నుంచి విశాఖ దాకా ఆటో వ్యాన్ మాట్లాడితే ఆ కిరాయే ఎక్కువైపోద్ది. మాకు విజయనగరం మధ్యేమార్గం అయింది. వందేభారత్ టికెట్ తీసుకుని లగేజీ బుక్ చేద్దాం అనుకునేవాళ్ళకి ముందే చెప్తన్నాను, దానికి లగేజీ వ్యాన్ ఉండదు, పట్టుకెళ్ళగలిగిందే మీ సామాను.

విజయనగరంలో పార్సిల్ ఆఫీసు దగ్గర పని నాకు నచ్చింది. బండి టైముకి కనీసం అరగంట ముందు సామాను అప్పజెప్పాలని రూలు, నా సలహా ఏటంటే రెండు గంటలు ముందు వెళ్ళండి, అరగంట ముందు వెళ్తే కుట్లు వేయించడానికే చాలదు. గుమాస్తా గారు టికెట్ చూసేరు, ఎవరి పేరు మీద ఉందో చూసేరు, తర్వాత ఇనప తూకం మీద ఒక్కొక్కటీ పెట్టించేరు. ముల్లు ఆగేవరకు చెయ్యి తీసేయమన్నారు, మేము పెట్టెకి ఆనుకుని నిల్చుంటే "మాస్టారూ మీరు కొంచెం జరగండి, మీ బరువు కూడా పడతాది" అన్నారు. రాసుకున్న బరువు నాకు చూపించి, ఫ్రీ బరువు తీసేసి, మిగతాదానికే డబ్బు కట్టించుకున్నారు. ట్రావెల్స్ వాళ్ళ దగ్గర ఊళ్ళో జనం కట్టే దానితో పోలిస్తే సగం కూడా కాలేదు. చేతికి రసీదు వచ్చింది, నాకు కావాల్సింది అదే.

ప్యాకింగ్ మాత్రం మన బాధ్యత. సరిగ్గా కట్టని సామాను తీసుకోరు. స్టేషన్ బయట ఒకతను కట్టిపెడతానని డబ్బులు తీసుకుని బిందెల మధ్యన ఏమీ కుక్కకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చేసి పైన పల్చటి ప్లాస్టిక్ పట్టా చుట్టేడు, ఎత్తి చూస్తే లోపల గలగలా కొట్టుకుంటన్నాయి. మొత్తం విప్పించేసేను. మళ్ళీ మా ఆవిడా నేనూ కూర్చుని పాత చీరలు, దుప్పట్లు మధ్యన కుక్కి, గోనె సంచిలో పెట్టి, దబ్బనం పురికొస తెచ్చి మూతి దగ్గర అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కుట్టేం. గుండిగ చెవుల దగ్గర గోనె తొందరగా చిరుగుతాది, అక్కడ రెండు మడతలు వేయాలి. ఇత్తడి సొట్ట పడితే మళ్ళీ కొట్టించినా ఆ నునుపు రాదు, అందుకని ఈ పని బయటోళ్ళకి వదలకండి. పేరు, ఊరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ పెద్ద అక్షరాలతో గుడ్డ ముక్క మీద రాసి కుట్టేయండి, ఇంకో కాయితం సంచి లోపల కూడా పడేయండి. స్టేషన్ కోడ్ మాత్రమే రాసి ఊరుకోవద్దు, పూర్తి పేరు రాయండి. శ్రీకాకుళం రోడ్‌కి కోడ్ పాత చికాకోల్ పేరు మీద సీహెచ్ఈ అని ఉంటాది, అటునుంచి మనకి సామాను పంపేవాళ్ళకి అది చూసి ఏ ఊరో తట్టదు.

పరిహారం సంగతి ఎవరూ చెప్పరు గానీ ఇది తెలుసుకుని తీరాలి. 1989 రైల్వే చట్టం ప్రకారం బుక్ చేసి రసీదు ఇచ్చిన లగేజీకే రైల్వే బాధ్యత, మన సీటు కింద పెట్టుకున్నది పోతే వాళ్ళ నిర్లక్ష్యం వల్లే పోయిందని మనమే రుజువు చేయాలి. ఐతే బుక్ చేసినదానికి కూడా విలువ ముందే చెప్పకపోతే కేజీకి 100 రూపాయల చొప్పునే లెక్క. ఇత్తడి ధరకి అది ఏ మూలకి? కాబట్టి విలువైన సామాను ఐతే బుకింగ్ అప్పుడే దాని విలువ డిక్లేర్ చేసి, దానికి పడే పర్సంటేజీ చార్జీ కట్టేయండి. మనం అడిగితేనే ఆ మాట వస్తాది. వెండి బంగారం, సర్టిఫికెట్లు, మందులు దాంట్లో వేయకండి, చేతి సంచిలోనే ఉంచుకోండి.

ఇప్పుడు ఆ కోసిన స్టార్. ఇన్ని రూల్స్ ఉన్నాయి కదా, నేను చూసిన స్టేషన్లలో ఎక్కడా ఇవన్నీ తెలుగులో ఒక్క బోర్డు మీద రాసి కనపడలేదు. ఏ క్లాస్‌కి ఎంత ఫ్రీ, ఏ బండికి బ్రేక్‌వ్యాన్‌లో చోటు ఉంటాది, సికింద్రాబాద్‌కి పది కేజీలకి ఎంత, ఇవి టికెట్ కౌంటర్ పక్కన గోడ మీద రాసేస్తే చదువుకున్నోడూ చదువు రానోడూ ఎవర్నో ఒకర్ని అడిగి చదివించుకుంటాడు. మన జిల్లాల నుంచి కూలి పనికి కుటుంబాలతో సహా వెళ్ళేవాళ్ళు ఎంతమందో, వాళ్ళు వంట గిన్నెలు, పరుపులు, పిల్లల్ని వేసుకుని జనరల్ బోగీలో నలిగిపోతుంటారు, వాళ్ళకి మనిషికి 35 కేజీల హక్కు ఉందనీ, మిగతాది కొద్దిపాటి డబ్బుతో బ్రేక్‌వ్యాన్‌లో వేయొచ్చనీ ఎవరు చెప్తారు. నాకు బాధ అదే. ఆన్‌లైన్ టికెట్ చేసేటప్పుడే లగేజీ కూడా అక్కడే బుక్ చేసుకునే వీలుంటే ఇంకా బాగుంటాది.

సికింద్రాబాద్‌లో దిగేక కంగారు పడకండి. బండి దిగిన వెంటనే సామాను చేతికి రాదు, వ్యాన్ ఖాళీ చేసి, తోపుడు బళ్ళ మీద ఆఫీసుకి తెచ్చి, పుస్తకంలో ఎక్కించేవరకు ఆగాలి. మేము టిఫిన్ చేసి వెళ్ళేసరికి మా గోనె మూటలు వరసలో ఉన్నాయి, కుట్లు ఎక్కడా ఊడలేదు. రసీదు ఇచ్చి, సంతకం పెట్టి, అక్కడే ఒకసారి తడిమి చూసుకుని అల్లుడు గారి కారులో వేసుకున్నాం. రసీదు పోగొట్టుకుంటే పూచీ బాండు రాయమంటారు, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. వ్యాన్ నిండిపోతే సామాను వెనక బండిలో వచ్చే అవకాశం ఉంటాదని బుకింగ్ అప్పుడే మాకు చెప్పేరు, కాబట్టి అరిసెలు ఫర్వాలేదు గానీ పాడైపోయే కూరలు, చేపలు దాంట్లో వేయొద్దు. వచ్చిన సామాను గడువు దాటి అక్కడే వదిలేస్తే వార్ఫేజీ అని అదనంగా పడతాది.

బైకు పంపాలనుకునే కుర్రాళ్ళు చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెప్తన్నాను, సైకిల్‌కీ బైకుకీ ఫ్రీ బరువు వర్తించదు, మొత్తానికీ కట్టాలి. పెట్రోలు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, ఆర్‌సీ కాపీ, గుర్తింపు కార్డు కాపీ పట్టుకెళ్ళాలి. ఖాళీది ఐనా సరే గ్యాస్ సిలిండర్ రైలెక్కనివ్వరు, కొత్త కాపురం సామానులో అది పెట్టేసేవాళ్ళు ఉన్నారు, తీసేయండి. మీరు ప్రయాణం చేయకుండా సామాను ఒక్కటే పంపాలంటే దాన్ని పార్సిల్ కింద రాస్తారు, అప్పుడు ఈ ఫ్రీ కేజీలేవీ ఉండవు, అందుకని ఇంట్లో ఎవరో ఒకరు ఆ ఊరు వెళ్ళే పని ఉన్నప్పుడే వాళ్ళ టికెట్ మీద వేయించేసుకోండి. సందేహం ఉంటే 139కి ఫోన్ చేయొచ్చు, కానీ మీ బండికి ఆ రోజు లోడు తీసుకుంటారో లేదో పార్సిల్ ఆఫీసుకే వెళ్ళి ముందురోజు కనుక్కోవడం మంచిది.