ఆయిలా, అక్రిలిక్కా? సైనికుడి బొమ్మకు ఏ రంగు మేలు?

54 మిల్లీమీటర్ల బొమ్మ కొన్నవాళ్లు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) ఆరకముందే అడిగేది ఒకటే: "అన్నా, ఆయిల్ వెయ్యమంటారా, అక్రిలిక్ వెయ్యమంటారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నాను. 28 మిల్లీమీటర్ల బొమ్మలతో పటాలాన్నే తయారు చేసి వార్‌గేమ్ ఆడాలనుకునేవాళ్లకు ఈ చర్చతో పనిలేదు. అక్రిలిక్ కొనుక్కుని మొదలుపెట్టండి. నలభై మందికి ఆయిల్ వేస్తూ కూర్చుంటే యుద్ధం ఎప్పటికి మొదలవ్వాలి!

మిగిలింది షోకేసులో ఒంటరిగా నిలబెట్టే పెద్ద బొమ్మ. ఇప్పుడు నా బల్ల మీదున్న ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ రక్షక దళం ఓల్డ్ గార్డ్‌లోని గ్రెనడియర్‌నే (కాల్బలం సైనికుడినే) తీసుకుందాం. ఎలుగుబంటి తోలు టోపీ, దాని ముందు ఇత్తడి బిళ్ల, ముదురు నీలం కోటు, ఛాతీ మీద తెల్లటి మడతలు, ఎర్రటి భుజకీర్తులు, గుబురు మీసం, చెవికి బంగారు పోగు. ఈ నీలం, తెలుపు, ఎరుపు కలిసే చోట అంచు కత్తిరించినట్టు ఉండాలి. ఆ పనిలో అక్రిలిక్‌కు తిరుగులేదు. నిమిషాల్లో ఆరిపోతుంది, గీత తప్పితే పైన మళ్లీ నీలం వేసి సరిచేసుకోవచ్చు, బ్రష్ నీళ్లలో కడిగితే చాలు, ఇంట్లో టర్పెంటైన్ వాసన గొడవ ఉండదు. పైగా అవిసె నూనెతో నూరిన తెల్లరంగు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, అక్రిలిక్ తెలుపుకు ఆ భయం లేదు.

అయినా నా ఓటు ఆయిల్‌కే. త్వరగా ఆరదని అందరూ తిట్టిపోస్తారే, నాకు కావలసింది సరిగ్గా అదే. ఈ సైజు మనిషికి గడ్డం నుంచి నడినెత్తి దాకా ఏడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త చోటులో చెంప ఎముక మీది వెలుగు కింది గుంటలోకి ఎక్కడ దిగిపోయిందో కంటికి అందకూడదు.

ముందు అక్రిలిక్‌తో చర్మం రంగు ఒక పొర వేసి ఆరనిస్తాను. దాని మీద కంటి గుంటల్లో, ముక్కు పక్కన, కింది పెదవి కింద బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) కొద్దిగా. మిగతా ముఖానికి బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), తెలుపు కలిపిన రంగు. దానికే ఇంకాస్త తెలుపు చేర్చి చెంప ఎముకకు, ముక్కు దూలానికి. ఇక రంగు అంటని పొడి బ్రష్ తీసుకుని రెండు రంగులు కలిసే చోట మెల్లగా తట్టాలి, రుద్దకూడదు. హద్దు చెరిగిపోతుంది. గడ్డం మీద చిటికెడు నీలి బూడిదరంగు తడితే గీసిన గడ్డం వచ్చేస్తుంది. 1812లో రష్యా మంచులో నడిచినవాడైతే ముక్కు కొసకు, చెవి తమ్మెకు రవ్వంత అలిజరిన్ ఎరుపు. నచ్చలేదా, థిన్నర్ అద్దిన బ్రష్‌తో తుడిచేసి మళ్లీ వేసుకోండి, కింద ఆరిన పొర చెక్కుచెదరదు. ఒక పూటంతా కూర్చున్నా టెన్షన్ లేదు.

అక్రిలిక్‌తో ఇంత పని రాదా? వస్తుంది, దానితోనే అద్భుతమైన ముఖాలు వేసేవాళ్లున్నారు. నీళ్లలా పలచన చేసి, పొరకూ పొరకూ పిసరంత తేడాతో ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోతారు. మే నెల విజయవాడలో, ఫ్యాన్ కింద, ఆ రంగు బ్రష్ కొసనే గడ్డకడుతుంది. టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్ పరిచి వెట్ ప్యాలెట్ చేసుకుంటే డబ్బాలో రంగు ఆరదు సరే, బొమ్మ మీదికి వెళ్లాక? ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలిపితే కాసేపు ఆగుతుంది, చెయ్యి జారితే జిగట మిగులుతుంది.

ఆయిల్‌కూ చిక్కులున్నాయి. నూనె మెరుపు మొదటిది. ట్యూబులోంచి తీసిన రంగును అట్టముక్క మీద కొన్ని గంటలు వదిలేస్తే నూనెను అట్ట పీల్చేస్తుంది, మెరుపు చాలావరకు తగ్గుతుంది. అంబర్ త్వరగానే ఆరుతుంది, అలిజరిన్‌కు మాత్రం రోజులు పడుతుంది. వైట్ మెటల్ (తగరం కలిసిన మిశ్రలోహం) బొమ్మనైతే ఫిలమెంట్ బల్బుకు కాస్త దూరంలో వెచ్చగా ఉంచొచ్చు. ప్లాస్టిక్, రెజిన్ బొమ్మలను అక్కడ పెట్టకండి, తుపాకీ వంగుతుంది.

సైజు చిన్నదైతే ఆయిల్ పనికిరాదనేవాళ్లు జర్మనీ చదును తగరం బొమ్మలు చూడాలి. 30 మిల్లీమీటర్లే, పక్కనుంచి చూస్తే రేకు మందం. కోటు మడతలకు గుండ్రదనం తెచ్చేదంతా రంగే, ఆ నీడలు ఆయిల్‌తో వేయడం వాళ్లకు పాత అలవాటు. కుల్‌మ్‌బాఖ్ ఊళ్లోని ప్లాసెన్‌బుర్గ్ కోటలో వీటికి పెద్ద మ్యూజియమే ఉంది.

ఎనామెల్ గురించి కూడా అడుగుతారు. లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ 1893 నుంచి తెచ్చిన బోలు సీసం బొమ్మల తళతళ కావాలంటే మెరిసే రకం (గ్లాసీ) ఎనామెల్ వాడండి. ముఖాలకు వద్దు.

నా గ్రెనడియర్‌కు యూనిఫాం, పట్టీలు, ఇత్తడి అంతా అక్రిలిక్. ముఖం, చేతులు, టోపీ బొచ్చు ఆయిల్. గుర్రం ఉంటే అదీ ఆయిలే. వరస మాత్రం తిరగబడకూడదు: అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు గానీ ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు, పెచ్చులూడుతుంది. కాబట్టి బొత్తాలు, పట్టీలు ముగిశాకే ముఖం ముట్టుకోవాలి. అయ్యాక దుమ్ము పడకుండా గాజు గ్లాసు బోర్లించండి, కింద రెండు అగ్గిపుల్లలు పెట్టి. ఆయిల్ ఆరేది గాలిలోని ఆక్సిజన్‌తో, సందు లేకుండా మూస్తే వారం తర్వాత కూడా వేలికి అంటుకుంటుంది.