నీళ్లలోని మడ్డిని అడుక్కి దించాలా, పైకి తేల్చాలా?

మట్టి రేణువు నీళ్లలో పడితే దాని ఉపరితలం ధనావేశమున్న హైడ్రోజన్ అయాన్లను వదిలేస్తుంది, రుణావేశం మిగులుతుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి సన్న మడ్డి రోజులు గడిచినా తేరదు. పైకి తేల్చాలంటే గాలిబుడగలు మడ్డికి అంటుకుని దాన్ని మోసుకెళ్లాలి. కానీ గాలిబుడగదీ మామూలు నీళ్లలో రుణావేశమే. హైడ్రాక్సైడ్ అయాన్లు అంటుకోవడమే కారణమని చాలామంది అంటారు గానీ ఆ వాదం ఇంకా తెగలేదు.

అందుకే బుడగలు వదిలితే పటిక ఖర్చు తప్పుతుందనుకోకండి. రుణం రుణానికి అంటుకోదు. ఏ దారిలో వెళ్లినా ముందు పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చంపాల్సిందే.

ఖర్చు: దించడానికి పెద్ద తొట్టి, ఓపిక చాలు. తేల్చడానికి వాతావరణ పీడనానికి నాలుగైదు రెట్ల ఒత్తిడితో గాలిని నీళ్లలో కరిగించి బుడగలుగా వదిలే పంపు, దానికి కరెంటు.

సమయం: దిగడానికి గంటలు, తేలడానికి నిమిషాలు.

రిస్కు: పటిక మోతాదు మించితే రేణువులు ధనావేశంలోకి తిరగబడి మళ్లీ విడిపోతాయి, నీళ్లు మొదటికొస్తాయి. ఇది రెండింటికీ ఉన్న బెడదే. తేల్చేచోట పంపు ఆగినా పని చెడుతుంది.

వరద నీటి బరువైన ఒండ్రుకు దించడమే మేలు. నాచు, నూనె చుక్కల్లాంటి తేలికవాటిని దించడం చాలా కష్టం, వాటికి బుడగలే పెట్టండి.