పోర్ట్ బ్లెయిర్ – విశాఖ ఓడ: నాలుగు స్టార్లు, అందులో మూడు చివరి ఉదయానికే

అండమాన్ నుంచి ఓడలో వచ్చామని తెలిసిన దగ్గర్నుంచి మా కాలనీలో అందరూ అడిగేది ఒకటే: మంచాలు ఎలా ఉన్నాయి, తిండి ఎలా ఉంది, వాంతులయ్యాయా. అవన్నీ చెప్తాను. కానీ నా మటుకు ఈ ప్రయాణంలో గొప్ప భాగం విశాఖ కనబడ్డాక మొదలై, మెట్లు దిగేదాకా నడిచింది. దాని గురించి ఎవరూ అడగడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా అక్కా బావా పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటారు. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా అక్క నోట ఇంకా పాత పేరే. వెళ్ళడం విమానంలో వెళ్ళాం. వచ్చేటప్పుడు మాత్రం ఓడే అని నేను పట్టుబట్టాను. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజులు పడుతుంది. హాడో రేవులో అక్క గేటు దగ్గరే ఆగిపోయింది. సంచులు అందిస్తూ, మందులు గుర్తుచేస్తూ ఉండగానే వెనకవాళ్ళు తోసేశారు. సరిగ్గా ఒక మాట కూడా చెప్పుకోలేదు. ఆ బాధతోనే ఓడెక్కాను.

క్యాబిన్లు ఉన్నాయి, బంక్ క్లాసు ఉంది. మేం తీసుకున్నది బంక్. పెద్ద హాలు, కిందా పైనా పరుపులు, నడవడానికి సందులు. డబ్బు పెట్టగలిగితే క్యాబినే మేలని చాలామంది చెప్తారు, నేను చెప్పను. మనుషులందరూ ఉండేది బంక్‌లోనే. భోజనానికి కూపన్లు కొనుక్కోవాలి. పప్పు పల్చన, కూర ఉప్పన, అన్నం ఫరవాలేదు. ఇంటి నుంచి ఆవకాయ, అటుకులు పట్టుకెళ్ళండి. బాత్రూములు రెండో రోజు సాయంత్రానికే చూడలేకపోయాం. ఐదో స్టారు అక్కడే పోయింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం బాగా ఎగసిపడుతుంది, అప్పుడు పెద్దవాళ్ళతో వద్దు. మేం వచ్చింది ఫిబ్రవరిలో. నీళ్ళు చాపలా ఉన్నాయి, ఎగిరే చేపలు గుంపులు గుంపులుగా కనబడ్డాయి.

మా వరసలో సోంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన దంపతులు ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో కూలి పనికని అండమాన్ వెళ్ళి, అక్కడే పిల్లల్ని కని పెంచి, ఇప్పుడు అన్నీ కొడుక్కి అప్పజెప్పి సొంతూరికి వచ్చేస్తున్నారు. ఆవిణ్ణి మొదటి రాత్రే పిన్నీ అని పిలవడం మొదలుపెట్టాను. పై మంచాల మీద పెదజాలరిపేట కుర్రాళ్ళిద్దరు. తెలుగు వినబడడం అక్కడ వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్ళే, వాళ్ళలో ఎక్కువమంది మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు.

సముద్రం మధ్యలో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆ రెండు రోజులూ హాల్లో ఎవరికి ఎవరితో మాటలు కుదిరితే వాళ్ళతో అవే మాటలు. పిల్లల పెళ్ళిళ్ళు, భూముల తగాదాలు, సునామీ నాటి రాత్రులు. చివరి రోజు తెల్లవారుజామున డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు కనబడిందని జాలరిపేట కుర్రాడు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. మరి కాసేపటికి హాలంతా ఒక్కసారిగా ఫోన్లు మోగాయి. ఎవరి తల వాళ్ళ ఫోన్‌లోకి వంగిపోయింది. అయిపోయింది, ఇక ఎవరి దారి వాళ్ళదే అనుకున్నాను.

కానీ ఓడ తొందరపడదు. రేవులోకి దారి చూపించే పైలట్ ఎక్కాలి, ఓడని లాగే చిన్న పడవలు, టగ్గులు, రావాలి, లోపలి రేవు ఇన్నర్ హార్బర్‌కి వెళ్ళే కాలువలోకి మెల్లగా తిప్పాలి. అందరం డెక్ మీదకి వెళ్ళాం. ఎడమ పక్క డాల్ఫిన్స్ నోస్, కుడి పక్క వెంకటేశ్వరస్వామి కొండ, దర్గా కొండ, రాస్ హిల్ మీద మరియమ్మ గుడి. పిన్ని మూడింటికీ దండం పెట్టింది. నేను సోషల్ టీచర్‌గా రిటైరైనదాన్ని, ఆగలేక చెప్పాను: 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ ఈ కాలువ గుండానే మొదటిసారి లోపలికి వచ్చింది, అంతకు ముందు ఓడలు బయట సముద్రంలో ఆగితే జనం మసూలా పడవల మీద వెళ్ళి ఎక్కేవాళ్ళు, రంగూన్ వెళ్ళినవాళ్ళూ అలా వెళ్ళినవాళ్ళే. కుర్రాళ్ళు శ్రద్ధగా విన్నారు. "మా తాత కూడా రంగూనెల్లాడంట, మరి రాలేదంట" అన్నాడు చిన్నవాడు.

ఓడ గట్టుకు చేరాక కూడా మెట్లు దించడానికి చాలాసేపు పట్టింది. నేను ఇస్తున్న నాలుగు స్టార్లలో మూడు ఈ ఉదయానికే. పిన్ని సంచిలోంచి గుడ్డ మూట తీసి ముడి విప్పింది. వాళ్ళ పెరటి వక్కలు, ఎండబెట్టి ఒలిచినవి. మా వరసలో ఇంటికో గుప్పెడు చొప్పున పంచింది, కొలతేమీ లేకుండా, కానీ ఎవరికీ తక్కువ కాకుండా. నా గుప్పెట్లో పోసి వేళ్ళు తనే మూసింది. మూడు పూటలా మాకు వడ్డించిన బెంగాలీ కుర్రాడు వచ్చి బాబాయి కాళ్ళకి మొక్కితే, ఆయన జేబులోంచి నోటు తీసి చేతిలో పెట్టాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఈ రెండు రోజులూ హిందీ ముక్కలతోనే నెట్టుకొచ్చారు.

పిన్నికి ఫోన్ వాడడం రాదు. కొడుకు నంబరు ఆవిడకి కంఠతా వచ్చు, చెప్తుంటే నా టికెట్ కవరు మీద రాసుకున్నాను. రాస్తూ రాస్తూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏటమ్మా, ఏడుస్తన్నావేటి? సోంపేట ఏపాటి దూరం? రైలెక్కితే పూటలో వచ్చీగలవు. పనస కాపుకి రా, కూర వండతాను" అంది.

"వస్తాను పిన్నీ, మా అక్క వచ్చినప్పుడు ఇద్దరం వస్తాం" అన్నాను.

హాడోలో అక్కతో చెప్పుకోలేకపోయిన మాటలన్నీ ఈవిడతో చెప్పుకున్నట్టయింది నాకు. విమానంలో వచ్చి ఉంటే బెల్టు ముందు పెట్టె కోసం చూసుకుని, ట్రాలీ తోసుకుంటూ ఇంటికొచ్చేసేదాన్ని. జాలరిపేట కుర్రాళ్ళు మా పెట్టెలు, పిన్నివాళ్ళ ట్రంకులు, ఎవరో తెలియని ముసలాయన బస్తాతో సహా కిందికి దించి, మళ్ళీ పైకొచ్చి "ఎల్లొస్తాం టీచరమ్మా" అని చెప్పి వెళ్ళారు. అలా చెప్పడానికే మెట్లన్నీ మళ్ళీ ఎక్కారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి మిగతా వివరాలు. ఓడలు తరచుగా ఉండవు, తేదీలు మారుతుంటాయి, అందుకని టికెట్ చేతికొచ్చాకే సెలవు పెట్టుకోండి. అండమాన్ ద్వీపవాసి కార్డున్న బంధువులకి ఛార్జీ బాగా తక్కువ, వాళ్ళ టికెట్ వేరుగా తీయించండి. బీచ్‌లో ఏరిన పగడాలు, గవ్వలు తేవొద్దు, చెకింగ్‌లో తీసేసుకుంటారు. బయట ఆటోవాళ్ళు సామాను చూసి రేటు చెప్తారు, ఇంటి నుంచి ఎవరినైనా రమ్మనడం మంచిది. దిగే రోజు మధ్యాహ్నం రైలుకి మాత్రం టికెట్ తీసుకోకండి. అలా తీసుకున్నవాళ్ళు మా హాల్లో ఉన్నారు. డెక్ మీదకి కూడా రాకుండా, మెట్ల దగ్గర సంచులు పట్టుకుని టెన్షన్ పడుతూ నిలబడ్డారు. రాత్రి రైలుకి తీసుకోండి.