డాంట్‌లెస్‌కి ఏ రంగులు మేలు: 1942 జోడీయా, 1943 మూడు రంగులా?

డాంట్‌లెస్ (రెండో ప్రపంచయుద్ధపు అమెరికా నౌకాదళ బాంబర్ విమానం) మోడల్ కిట్ కొన్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. అమెరికా నౌకాదళం 1942లో వాడిన నీలిబూడిద, లేతబూడిద జోడీ వెయ్యాలా, 1943లో వచ్చిన మూడు రంగుల పద్ధతి వెయ్యాలా? చూడ్డానికి రెండూ బాగుంటాయి. కాబట్టి అందం పక్కనపెట్టి, రంగుకీ రంగుకీ మధ్య మెత్తటి అంచు, గాలితో రంగు చిమ్మే మీ ఎయిర్‌బ్రష్‌తో ఎంత సన్నగా కొట్టగలరో చూసుకోండి. నా లెక్కలో తేల్చేది అదే.

దానికంటే ముందు పెట్టెలో ఉన్నది ఏ రకమో చూడండి. నౌకాదళం లెక్కలో ఈ విమానం పేరు ఎస్.బి.డి., పక్కనున్న అంకె రకాన్ని చెబుతుంది. ఎస్.బి.డి.-2, -3 అయితే ఇంజను మూత పైన గాలి గొట్టం మూతి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, ముందు అద్దంలోంచి టెలిస్కోపు గురికొలత బయటికి పొడుచుకొస్తుంది. ఎస్.బి.డి.-5కి ఆ మూతి లేదు, టెలిస్కోపు బదులు అద్దం వెనకే రిఫ్లెక్టర్ సైట్ (గాజు మీద గురిగుర్తు వెలిగించే పరికరం) ఉంటుంది. 1942 జూన్‌లో జరిగిన మిడ్వే యుద్ధపు గుర్తులు -5 మీద అంటిస్తే, రంగు ఎంత బాగా కుదిరినా తెలిసినవాళ్ల కన్ను ముందు ఇంజను మూత దగ్గరే ఆగిపోతుంది.

ఇక అంచు సంగతి. అసలు విమానం మీద ఒక రంగు ఇంకో రంగులో కలిసే పట్టీ 10 సెంటీమీటర్లు ఉందనుకోండి. 1/48 స్కేలులో అది 2 మిల్లీమీటర్లు, 1/72లో 1.4 మిల్లీమీటర్లు. ఇంత సన్నటి మెత్తదనం రావాలంటే 0.2 లేదా 0.3 మిల్లీమీటర్ల సూది, 12 నుంచి 15 పి.ఎస్.ఐ. గాలి ఒత్తిడి, మోడల్‌కి 2, 3 సెంటీమీటర్ల దూరం కావాలి. లాకర్ (ఘాటైన థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే) రంగైతే ఒక వంతు రంగుకి రెండు వంతుల థిన్నర్ కలపాలి. అంతకంటే పల్చనైతే రంగు సాలెపురుగు కాళ్లలా పాకుతుంది. చిక్కనైతే సూది మొన దగ్గర ఎండి, చుక్కలు చుక్కలుగా పడుతుంది. చెయ్యి ఇంకా కుదరకపోతే బ్లూటాక్‌ని (గోడకి కాగితాలు అంటించే మెత్తటి జిగురుముద్ద) 3 మిల్లీమీటర్ల మందాన పాములా చుట్టి అంచు వెంట పెట్టండి. ఎయిర్‌బ్రష్‌ని దానికి నిటారుగా పట్టాలి. ఏటవాలుగా పడితే రంగు పాము కిందికి దూరి అంచు వెడల్పైపోతుంది.

1942 జోడీలో ఇలాంటి అంచు ఒంటికి పక్కకొకటి మాత్రమే. పైన నీలిబూడిద, కింద లేతబూడిద. మొదట లేతబూడిద, ఆరాక నీలిబూడిద. ఒకచోట కొంచెం వంకర పోయినా ఈ రెండు రంగుల మధ్య తేడా తక్కువ కాబట్టి కంటికి గుచ్చుకోదు. సరిదిద్దడమూ తేలికే.

మూడు రంగుల పద్ధతి అనే పేరుతో పిలుస్తాం గానీ అందులో డబ్బాలు నాలుగు. ఒంటి పైభాగానికి మెరుపులేని సముద్రనీలం (ఏ.ఎన్.ఏ. అనే అమెరికా సైన్య రంగుల పట్టికలో 607), రెక్కల పైభాగానికీ అడ్డతోక పైభాగానికీ కొద్దిపాటి మెరుపున్న సముద్రనీలం (606), ఒంటి పక్కలకీ నిలువుతోకకీ మధ్యస్థ నీలం (608), పొట్టకి తెలుపు (601). పైనుంచి వెలుగు పడ్డప్పుడు కింది నీడని తెల్లరంగు తగ్గించి, విమానం ఆకారం కంటికి చదునుగా కనిపించాలన్నది దీని వెనకున్న ఆలోచన. అందుకే అంచులన్నీ మెత్తగా ఉండి తీరాలి. ఒంటికి ఒక్కో పక్క రెండేసి అంచులు, తోక మొదట్లో ఇంకొకటి, రెక్క ముందు అంచు దగ్గర పైనీలం కొంచెం కిందికి చుట్టుకుని తెలుపులో కలిసే చోట మరొకటి. వీటిలో ఒక్కటి గట్టిగా గీసినట్టు పడినా మొత్తం దెబ్బతింటుంది.

దీంట్లో తెలుపు ముందు వెయ్యాలి. బూడిదరంగు ప్రైమర్ (అడుగుపూత) మీద తెలుపు కప్పాలంటే నాలుగైదు పొరలు పడి ప్యానెల్ గీతలు పూడిపోతాయి. తెల్ల ప్రైమర్ వేసి, పల్చగా రెండు మూడు పొరలు చాలించండి. తర్వాత మధ్యస్థ నీలం, చివర సముద్రనీలం. నీలం కొట్టేటప్పుడు పొట్టనంతా కాగితంతో కప్పకపోతే గాలిలో ఎగిరిన నీలిధూళి తెలుపు మీద గరుకుగా కూర్చుంటుంది. అది తుడిస్తే పోదు, మళ్లీ తెలుపు వెయ్యాల్సిందే.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. హెల్‌డైవర్ లాంటి నౌకాదళ బాంబర్లకి రెక్కలు పైకి మడుస్తారు, అప్పుడు అడుగుభాగం బయటికి కనిపిస్తుంది కాబట్టి ఆ మడిచే భాగం అడుగున మధ్యస్థ నీలం వేసేవారు. డాంట్‌లెస్ రెక్కలు అసలు మడవవు. దాని అడుగున అది అక్కర్లేదు. అలాగే చివర్లో మొత్తానికి ఒకే మ్యాట్ వార్నిష్ కొడితే 606కీ 607కీ ఉన్న తేడా మాయమైపోతుంది. రెక్కలకీ అడ్డతోకకీ పైన సెమీగ్లాస్ వేరుగా కొట్టాలి.

ముదురు నీలంతో మన వాతావరణంలో ఇంకో ఇబ్బంది ఉంది. విశాఖ, కాకినాడ లాంటి కోస్తా ఊళ్లలో వానాకాలపు తేమలో లాకర్ వార్నిష్ కొడితే అది పాలపొరలా తెల్లబడుతుంది. లేతబూడిద మీద అంతగా తెలియదు. సముద్రనీలం మీద మాత్రం బూజు పట్టినట్టు కనిపిస్తుంది. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రావకం) కలిసిన థిన్నర్ వాడండి, ముసురు తగ్గిన రోజు చూసుకోండి. తెల్లబడిపోయాక కూడా అదే థిన్నర్‌ని ఒట్టిగా, పల్చగా ఒకసారి కొడితే చాలావరకు తేటపడుతుంది. డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల పొర) కింద గాలి చేరి వెండిలా మెరవడం కూడా ముదురు నీలం మీదే ఎక్కువ కనిపిస్తుంది. గ్లాస్ కోటు నున్నగా పడ్డాకే డెకాల్ పెట్టాలి. అయినా మెరిస్తే సన్న సూదితో పొడిచి సెటింగ్ ద్రావకం పోయాలి.

జోడీ రంగులు తేలిక అన్నాను గానీ, గుర్తుల విషయంలో 1942 చాలా కఠినం. తేదీ తప్పితే మోడలే తప్పు. 1942 జనవరి 5 ఉత్తర్వుతో చుక్కాని (నిలువుతోక వెనక కదిలే భాగం) మీద ఎరుపు, తెలుపు కలిపి 13 అడ్డచారలు వచ్చాయి. అమెరికా విమానాల గుర్తైన నక్షత్రం నడుమ ఎర్రచుక్క అప్పటికే ఉంది. జపాన్ వాళ్ల ఎర్రసూర్యుడితో పొరబడకుండా మే 15 నాటికి ఆ ఎరుపూ చారలూ రెండూ తీసేయించారు. అంటే మే 4 నుంచి 8 దాకా జరిగిన కోరల్ సముద్ర యుద్ధానికి చారలూ ఎర్రచుక్కా ఉండాలి, జూన్ 4 మిడ్వేకి రెండూ ఉండకూడదు. కోరల్ సముద్రం ఎంచుకుంటే చారల డెకాల్‌ని చుక్కాని కీలు గీత దగ్గర బ్లేడుతో కోసి రెండు ముక్కలుగా అంటించండి. ఒకే ముక్కగా పెడితే ఆరాక అక్కడే చిరుగుతుంది.

మిడ్వే రంగుల్లో నాకు బాగా నచ్చేది ఈ చెరిపివేతే. చారల మీద కొత్తగా వేసిన నీలిబూడిద, ఎండకీ ఉప్పుగాలికీ పాలిపోయిన మిగతా ఒంటికంటే ముదురుగా ఉండాలి. నక్షత్రం నడుమ కొత్త తెలుపు పాత తెలుపుకంటే తేటగా ఉండాలి. నీలిబూడిద (ఎఫ్.ఎస్. అనే అమెరికా ప్రభుత్వ రంగుల పట్టికలో 35189కి దగ్గర) పది వంతులకి తెలుపు రెండు వంతులు కలిపి ప్యానెళ్ల నడుమ పల్చగా కొట్టండి. ఎయిలరాన్లకీ (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) ఎలివేటర్లకీ (అడ్డతోక వెనక కదిలేవి) గుడ్డ కప్పు కాబట్టి అక్కడ మూడు వంతులు కలపండి. చుక్కానీ గుడ్డదే అయినా దానికి మాత్రం తెలుపు కలపకుండా అసలు రంగే వెయ్యండి. ఈ ఒక్క తేడాతో మోడల్‌కి ఒక తేదీ వస్తుంది.

1943 గుర్తుల్లోనూ తిరకాసు లేకపోలేదు. జూన్ చివర్లో నక్షత్రానికి రెండు పక్కలా తెల్లపట్టీలు, చుట్టూ ఎర్ర అంచు వచ్చాయి. ఆగస్టు ఉత్తర్వుతో ఆ ఎరుపు నీలమైంది. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధంలో ఎంటర్‌ప్రైజ్, లెక్సింగ్టన్ నౌకల నుంచి ఎగిరిన డాంట్‌లెస్‌లకి నీలం అంచే సరి. రెక్కల మీద నక్షత్రం ఎడమ రెక్క పైన, కుడి రెక్క కింద మాత్రమే.

మిగతా పద్ధతులు రెండు ముక్కల్లో. యుద్ధానికి ముందటి పసుపు రెక్కలు మెరీన్ల (అమెరికా నౌకాదళంతో కలిసి పోరాడే దళం) ఎస్.బి.డి.-1కే చెల్లుతాయి. అట్లాంటిక్ బూడిద, తెలుపు కావాలంటే వర్జిన్ దీవుల్లో ఉన్న మెరీన్ల -5 ఉంది, వెయ్యడమూ సులువే. మొత్తం మెరిసే సముద్రనీలం మీద మనసుంటే హెల్‌డైవర్ కొనుక్కోండి. ఆ రంగు వాడుకలోకి వచ్చేసరికి డాంట్‌లెస్ తయారీయే ఆగిపోవచ్చింది.

మొదటి డాంట్‌లెస్‌కి నా ఓటు 1942 జోడీకే, అందులోనూ మిడ్వేకంటే ఆగస్టుకి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు లేచింది ర్యూజో అనే జపాన్ నౌక నుంచి. అదే ఏడాది ఆగస్టు 24న తూర్పు సొలొమన్ల దగ్గర ఆ ర్యూజోని ముంచింది సారటోగా అనే అమెరికా నౌక నుంచి వెళ్లిన డాంట్‌లెస్‌లూ అవెంజర్లనే టార్పెడో విమానాలూ. ఆ డాంట్‌లెస్‌లు పైన నీలిబూడిద, కింద లేతబూడిద, ఎరుపు లేని నక్షత్రంతో ఉన్న ఎస్.బి.డి.-3లు. ఆ విమానం చెయ్యాలంటే కిట్ డెకాల్ షీటులో ఎర్రచుక్క నక్షత్రాలూ చుక్కాని చారలూ ముందే కత్తిరించి పక్కన పెట్టెయ్యండి. నక్షత్రాలు మాత్రం ఆరూ అంటించాలి: రెండు రెక్కలకీ పైనా కిందా, ఒంటికి అటూ ఇటూ.