పాత పెంకుటింట్లో వంటిల్లూ, భోజనాల చోటూ మార్చి ఆరేళ్లు: ఏది నిలిచింది, ఏది మళ్లీ మార్చాల్సి వచ్చింది

మాది తెనాలి పక్క పల్లెలో, పసుపు చేలకూ అరటి తోటలకూ మధ్యన ఉన్న చిన్న పెంకుటిల్లు. మామయ్యగారి నాన్న కట్టించారు. ముందు వసారా, నట్టిల్లు, పక్కన ఒక గది, దక్షిణాన వెనక వసారా, ఆ వసారాకి తూర్పు చివర వంటిల్లు. ఇల్లంటే అంతే. వంటిల్లు 8 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడుగు. 2018లో విజయవాడ నుంచి మకాం ఇక్కడికి మార్చాం. 2019 వేసవిలో వంటిల్లు మార్పించాం. భోజనాల చోటు మాత్రం కుదురుకోవడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది. పాత ఇల్లు బాగు చేయించుకుందామనుకునేవాళ్లకు పనికొస్తుందని, ఇన్నేళ్లు వాడాక తెలిసిన సంగతులు రాస్తున్నాను.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో చెప్పాలి. అది అర్థం కావడానికే నాకు ఏడాది పట్టింది. ఇంట్లో జాగా చాలడం లేదని అందరం అనుకునేవాళ్లం. జాగా కాదు, ఎత్తులు కుదరడం లేదు. ఆ వంటిల్లు కూర్చుని వండేవాళ్ల కోసం కట్టింది. కిందనే కట్టెల పొయ్యి, దాని ముందు పీట. దక్షిణం కిటికీ నేలకి రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది, కూర్చున్న మనిషి చేతుల మీద వెలుగు పడేలా. గోడలో గూళ్లు కూడా పీట మీంచి చెయ్యి చాపితే అందేటట్టు పెట్టారు. ఎవరో చాలా ఆలోచించి కట్టిన వంటిల్లు అది. 1999లో దీపం పథకం మొదలయ్యాక మా ఊళ్లో ఒక్కో ఇంటికీ గ్యాస్ వచ్చింది. మా ఇంటికి వచ్చినప్పుడు మూలన ఇటుకలు పేర్చి, పైన బండ వేసి, దాని మీద స్టవ్ పెట్టారు. మనిషి లేచి నిలబడింది గానీ ఇల్లు కూర్చునే ఉంది. ఉప్పు కావాలంటే వంగాలి, కారం కావాలంటే వంగాలి, పోపుల పెట్టె మోకాళ్ల దగ్గర. ఒకరోజు పప్పు, వంకాయ కూర, చారు చేస్తూ ఎన్నిసార్లు వంగి లేచానో లెక్కపెట్టాను. నలభై దాటింది. అత్తయ్యగారు ఇరవై ఏళ్లు అలాగే చేశారు. ఆవిడ మోకాళ్లు ఎందుకు అరిగాయో అప్పుడు తెలిసింది.

మేస్త్రి మొదట చెప్పిన మాట, అంతా పడగొట్టి టౌన్‌లోలాగా మాడ్యులర్ కిచెన్ పెట్టించేయమని. మేం ఒప్పుకోలేదు. మా నేలలో చెమ్మ ఎక్కువ, చెద ఎక్కువ. చెక్క పొట్టుతో చేసిన అరలు వానాకాలంలో ఉబ్బిపోవడం చుట్టాలింట్లో చూశాం. తూర్పు గోడ పొడుగునా గట్టు కట్టించి, కింద కడప రాయితోనే అరలు పెట్టించాం, తలుపులు లేకుండా. ఆ అరలకు ఈ ఆరేళ్లలో ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. డబ్బాలు తీసి తుడిస్తే చాలు. తలుపులు లేకపోతే బొద్దింకలు చేరతాయని భయపెట్టారు. గాలి, వెలుతురు తగులుతుంటే అవి నిలవవు. చీకటి అరల్లోనే కాపురం పెడతాయి.

గట్టు ఎత్తు 33 అంగుళాలు. మోచెయ్యి మడిచి నిలబడితే మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందగా గట్టు రావాలి. మేస్త్రి దగ్గర టేపు ఉంటుంది గానీ, కొలత మాత్రం వండే మనిషిని నిలబెట్టి తీసుకోండి. నాకు సరిగ్గా సరిపోయింది.

గట్టు పైన కూడా నల్ల కడప రాయే వేయించాం. తెల్ల గ్రానైట్ వేయమన్నవాళ్లున్నారు. పసుపు పండించే ఇంట్లో తెల్ల రాయి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. నల్ల రాయి మీద పసుపు మరక కనబడదు. కానీ ఒక లోపం ఉంది, వేయించేముందు నాకు ఎవరూ చెప్పలేదు. కడప రాయి సున్నపురాయి జాతి. పులుపు తగిలితే తింటుంది. నిమ్మకాయ కోసే చోట, చింతపండు పిసికే చోట తెల్లటి మచ్చలు పడ్డాయి, అవి రుద్దినా పోవు. మొదటి ఏడాది చాలా బాధపడ్డాను. ఇప్పుడు ఆ మూల ఒక స్టీలు పళ్లెం పరిచి దాని మీదే పులుపు పనులన్నీ చేస్తున్నాను. మళ్లీ వేయించాల్సి వస్తే కింద అరలకి కడప రాయి, పైన గట్టుకి నల్ల గ్రానైట్ వేయిస్తాను.

పొయ్యి ఆగ్నేయ మూలనే ఉండాలి, తూర్పు ముఖంగా వండాలి అని మామయ్యగారు ముందే చెప్పారు. అలాగే పెట్టాం. అయితే సరిగ్గా మూలకి పెట్టేసరికి, దక్షిణం కిటికీలోంచి వచ్చే పైరగాలికి మంట వంగిపోయేది. ఒక సాయంత్రం పాలు పెట్టి పక్కకి వెళ్లొచ్చేసరికి మంట ఆరిపోయి గ్యాస్ వస్తోంది. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. మర్నాడే స్టవ్‌ను రెండడుగులు ఉత్తరానికి జరిపాం. ఆగ్నేయ భాగంలోనే ఉందని మామయ్యగారు కూడా సరేనన్నారు.

ఆ రోజు నుంచే ఇంకో సంగతి మీద పట్టుబట్టాను. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. పాత ఇళ్లలో గడప అయిదారు అంగుళాల ఎత్తుంటుంది, అంటే లోపలి గ్యాస్ బయటికి పోకుండా గడపే అడ్డుకట్ట. పైన కిటికీలు ఎన్ని ఉన్నా దానికి పనిచేయవు. సిలిండర్ పక్కన, నేలకి ఆనుకుని గోడకి అడుగు పొడుగు కన్నం కొట్టించి, ఎలకలు, పాములు రాకుండా సన్న ఇనప జల్లెడ బిగించాం. ఎత్తు గడప ఉన్న వంటింట్లో సిలిండర్ పెట్టుకున్నవాళ్లంతా ఈ పని తప్పకుండా చేయించుకోండి. సగం పూటలో అయిపోతుంది.

గోడల విషయంలో తప్పు చేశాం. మావి ఇటుకా మట్టి అడుసూ కలిపి కట్టిన అడుగున్నర మందం గోడలు, పైన సున్నం. గట్టు వెనక రెండడుగుల మేర ఆ సున్నం చెక్కేసి సిమెంటు పూయించి టైల్స్ అంటించాం. రెండో వానాకాలానికి టైల్స్ పైన గోడ ఉబ్బి, తెల్లటి ఉప్పు పేరి, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నేలలోంచి పైకెక్కిన చెమ్మ సున్నంలోంచయితే మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగిస్తే ఎక్కడ దారి దొరికితే అక్కడ బయటపడుతుంది. తర్వాత పొయ్యి వెనక, సింకు వెనక మాత్రం టైల్స్ ఉంచి, తక్కిన చోట మళ్లీ సున్నమే పూయించాం. ఏటా సంక్రాంతికి ముందు ఒక పూత వేస్తే చాలు, నాలుగేళ్లుగా గోడ చెక్కుచెదరలేదు.

తూర్పు గోడకి, గట్టు పైన, కొత్త కిటికీ పెట్టించాం. వెలుగు చేతుల మీదకి వచ్చింది. అయితే ఇలాంటి గోడల మీదే కప్పు బరువంతా ఉంటుంది కాబట్టి దూలం ఆనే చోట కిందగా కిటికీ కొట్టకూడదు. దూలానికి దూరంగా చోటు చూసి, పైన రాతిబండ కూర్చున్నాకే కింద కొట్టారు. కప్పుకి రెండు గాజు పెంకులు కూడా వేయించాం. చలికాలం ఎంత హాయిగా ఉంటుందో, మే నెలలో అంత మంట. ఇప్పుడు వేసవి మూడు నెలలూ వాటి కింద పాత పంచె కడుతున్నాం. ఒక్కటి వేయించి ఉంటే సరిపోయేది.

సింకు ఈశాన్యం వైపు. ఆ నీళ్లు గోడవతల అరటి పిలకలకీ కందపాదుకీ పోతాయి. మొదట రెండంగుళాల పైపు వేశారు, గంజీ మెతుకులూ పడి వారానికోసారి పూడుకునేది. మూడంగుళాలది వేశాక ఆ బెడద పోయింది. పెద్ద గిన్నెలు, గుండిగలు పెరట్లో బోరు దగ్గర గచ్చు మీదే తోముతాం. పసుపు తవ్వే రోజుల్లో కూలీలకి వంట పెరట్లో కట్టెల పొయ్యి మీదే. ఆ పొయ్యి తీసేయమని కొందరన్నారు, తీయనందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

ఇక భోజనాల చోటు. ఇందులోనే ఎక్కువ డబ్బు వృథా అయింది.

విజయవాడ నుంచి ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ తెచ్చుకున్నాం. దాన్ని నట్టింట్లో వేశాం. నట్టిల్లంటే ఇంటి దారి. ముందు నుంచి వెనక్కి బస్తా మోసుకెళ్లాలన్నా అందులోంచే, ఎవరైనా వస్తే మంచం వాల్చేదీ అక్కడే. టేబుల్ పడ్డాక మనుషులు పక్కకి తిరిగి నడిచేవాళ్లు. ఎనిమిది నెలలు భరించి, తెలిసినవాళ్లకి ఇచ్చేశాం. తర్వాత వెనక వసారాలో గోడకి మడత బల్ల పెట్టించాం. మట్టి గోడలో మేకు ఎంత లోతుకి దిగినా పట్టు ఉండదు. నాలుగో నెలలో సాంబారు గిన్నెతో సహా ఊడి పడింది. అదృష్టం, ఎవరి కాళ్ల మీదా పడలేదు. పాత ఇళ్లలో బరువేదైనా సరే నేల మీదే నిలవాలి, గోడకి వేలాడకూడదు.

మూడోసారి కుదిరింది. వసారా ఆరున్నర అడుగుల వెడల్పు. గోడ వారగా ఏడడుగుల పొడుగు బెంచీ, ముందు రెండడుగుల వెడల్పు బల్ల, అవతల మూడు స్టూళ్లు. స్టూళ్లు బల్ల కిందకి తోసేస్తే మూడడుగులకి రెండంగుళాలు తక్కువగా దారి మిగులుతుంది, రెండు చేతులా గంగాళం పట్టుకుని నడవచ్చు. చెక్క కొనలేదు. వాడకం లేని ధాన్యం గాదె విప్పితే మద్ది చెక్కలు వచ్చాయి, వాటితోనే చేయించాం.

బెంచీ వెడల్పు 20 అంగుళాలు. అంత వెడల్పు దేనికండీ, చెక్క దండగ అన్నాడు వడ్రంగి. అది అత్తయ్యగారి కోసం. ఆవిడకి చాకుతో కోయడం అలవాటు లేదు, కత్తిపీటే కావాలి. నేల మీద కూర్చోలేరు. ఇప్పుడు బెంచీ మీద పక్కకి తిరిగి కూర్చుని, కత్తిపీట ఎదురుగా పెట్టుకుని, పీట చెక్కని కుడి పాదంతో తొక్కిపట్టి, దొండకాయ అలా ముందుకి తోస్తే చక్రాలు చక్రాలుగా పళ్లెంలో పడతాయి. బెంచీ మామూలు వెడల్పు ఉంటే కత్తిపీటకి నిలకడ ఉండదు. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి ఆ చోటు ఆవిడది, అక్కడ ఇంకెవరం కూర్చోం.

మొత్తం మార్పుల్లో నాకు ఎక్కువ నచ్చింది మాత్రం వంటింటికీ వసారాకీ మధ్య గోడలో కొట్టించిన చిన్న కిటికీ. రెండున్నర అడుగుల పొడుగు, అడుగున్నర ఎత్తు, కింద గట్టు ఎత్తులోనే ఒక బండ. గడప తీయించే ప్రసక్తే లేదు. శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టుకునే గడప అది. కానీ వేడి గిన్నె పట్టుకుని దాన్ని దాటుతూ అత్తయ్యగారు రెండుసార్లు తూలారు. ఇప్పుడు గిన్నెలన్నీ కిటికీ బండ మీదకి వస్తాయి, అటువైపు ఎవరుంటే వాళ్లు అందుకుంటారు. అప్పట్లో మేస్త్రి కూలీతో కలిపి నాలుగు వేలయింది. అంత తక్కువ ఖర్చులో ఇంత సుఖం ఇంకే పనిలోనూ దొరకలేదు. మా వారు, పిల్లలు కూడా అడక్కుండానే గిన్నెలు అందుకుంటున్నారు, తిన్న కంచాలు అదే బండ మీద పెడుతున్నారు.

వసారాలో తినడానికి ఒక ఇబ్బంది ఉంది, దాచను. గాలివాన వస్తే జల్లు బల్ల దాకా కొడుతుంది. వెదురు తెరలు కట్టించాం, మామూలు వానకి చాలు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర మిచౌంగ్ తుఫాను తీరం దాటిన రోజు ఆ తెరలు చీలికలైపోయాయి, బల్లంతా నీళ్లు. ఆ రెండు రోజులూ నట్టింట్లో చాప పరుచుకుని తిన్నాం. తర్వాత తెరల వెనక మందపాటి టార్పాలిన్ చుట్టి ఉంచాం, అవసరమైతే దింపుతాం. సాయంత్రం దోమలు కూడా ఎక్కువే. లైటు బల్ల మీద కాకుండా వసారా అవతలి చివరకి మార్చాక పురుగులు కంచంలో పడడం తగ్గింది.

పెళ్లయిన కొత్తల్లో నేను చూసిన అలవాటు ఒకటుంది. మగవాళ్లు, పిల్లలు నట్టింట్లో తినేవాళ్లు. అత్తయ్యగారు అందరిదీ అయ్యాక, వంటింటి గడప లోపల, పొయ్యి పక్కన కంచం పెట్టుకుని ఒక్కరే తినేవారు. ఎంత పిలిచినా వచ్చేవారు కాదు. కిటికీ వచ్చాక వడ్డించడానికి నిలబడే పని లేకుండా పోయింది. ఒకరోజు కత్తిపీట తీసేసి అక్కడే కూర్చుండిపోయారు, నేను కంచం పెట్టేశాను. అప్పటినుంచి మాతోనే తింటున్నారు.

ఒకటి సరిచేయడం మిగిలింది. బెంచీ ఎత్తు 17 అంగుళాలు, అత్తయ్యగారు పొట్టి, పాదాలు నేలకి ఆనవు. కాళ్లు వేలాడి సాయంత్రానికి నీరు పడుతుంటే బెంచీ కోయించేద్దామన్నాను. అక్కర్లేదని, అటక మీంచి మామయ్యగారు భోజనానికి కూర్చునే పాత పీట దింపించి, బల్ల కింద వేయించుకున్నారు. ఇప్పుడు దాని మీద పాదాలు పెట్టుకుని తింటారు. పీట అంచు కొంచెం ఊగుతోంది, ఈసారి వడ్రంగి వచ్చినప్పుడు బిగించమని చెప్పాలి.