ఇంటీరియర్ డిజైన్ చదువుకి అమెరికానా, కెనడానా, బ్రిటనా, మిలానా: ఏది మేలు?

ముందుగా ఒక చిన్న భాగహారం. అమెరికా, కెనడాల్లో ఇంటీరియర్ డిజైనర్లు రాసే వృత్తి పరీక్ష పేరు ఎన్‌సీఐడీక్యూ. అందులో మూడు భాగాలూ గట్టెక్కి సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే, డిగ్రీ ఉన్నవాళ్ళు 3,520 గంటల పని అనుభవం చూపించాలి. వారానికి 40 గంటల లెక్కన 88 వారాలు, అంటే దాదాపు 20 నెలలు. ఎఫ్-1 వీసా మీద అమెరికాలో చదివినవాళ్ళకి డిగ్రీ తర్వాత పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ గడువు 12 నెలలు, అంటే 52 వారాలు. మిగిలిన 36 వారాలు ఎక్కడ చేస్తారు?

ఈ లెక్క నేను అమెరికాలో ఆఖరి సెమిస్టర్‌లో వేసుకున్నాను. వేసుకోవాల్సింది అప్లికేషన్ పెట్టకముందు. వేరే దేశం వెళ్ళి ఇంటీరియర్ డిజైన్ చదవాలనుకునేవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా "ఏ కాలేజీకి పేరుందక్కా?" అనే మొదలుపెడతారు. పేరు సంగతి తర్వాత చూద్దాం. ఆ దేశంలో ఈ పనికి చట్టం ఏ హోదా ఇచ్చింది, చదువయ్యాక ఎన్నాళ్ళు ఉండనిస్తుంది అన్నవి ముందు చూసుకోవాలి. ఇవి రెండూ అతికిన చోట చదువు నిలబడుతుంది. ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి ఎవరో ఇచ్చిన సలహాని యథాతథంగా మనకి వాడుకుంటే బోర్లా పడతాం.

అమెరికా: చదువు మేలు, గడువు చేటు

కాలేజీల విషయంలో అమెరికాకి వంక పెట్టలేం. న్యూయార్క్‌లో ప్రాట్, పార్సన్స్ ఉన్నాయి. 1916 నుంచి ఇదొక్కటే పనిగా పెట్టుకున్న న్యూయార్క్ స్కూల్ ఆఫ్ ఇంటీరియర్ డిజైన్ ఉంది. ప్రావిడెన్స్‌లో రిజ్డీ (అక్కడ ఈ విభాగం పేరు ఇంటీరియర్ ఆర్కిటెక్చర్), సవానాలో స్కాడ్. ఇవి ఎక్కువగా ఆర్ట్ స్కూళ్ళు. మొదటి ఏడాదంతా బొమ్మలు గీయడం, రంగులు, త్రీడీ రూపాలు. గదుల జోలికి వెళ్ళేది చాలావరకు రెండో ఏడాదిలోనే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల తీరు వేరు. అక్కడ ఈ కోర్సు తరచుగా ఆర్కిటెక్చర్ కాలేజీ గొడుగు కిందే ఉంటుంది, గోడ అవతల ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఉంటారు, రివిట్ అనే భవనాలు గీసే సాఫ్ట్‌వేర్, బిల్డింగ్ కోడ్‌లు (భవన నిర్మాణ నియమాలు) త్వరగా నెత్తిన పడతాయి. విదేశీ విద్యార్థికి ఈ రెండో రకమే మేలని నా అభిప్రాయం. ఆర్ట్ స్కూల్ స్నేహితులు ఇది చదివితే నాతో మాట్లాడరు, సరే.

ఏ రకమైనా సీఐడీఏ గుర్తింపు ఉందో లేదో చూడండి. అమెరికా, కెనడాల్లో ఇంటీరియర్ డిజైన్ డిగ్రీలకి గుర్తింపు ఇచ్చే సంస్థ అది. గుర్తింపు లేని కోర్సు చదివితే పరీక్షకి దారి పూర్తిగా మూసుకుపోదు గానీ, చదివిన సబ్జెక్టులు సరిపోతాయని కాగితాలతో రుజువు చేసుకునే తలనొప్పి మిగులుతుంది.

అక్కడి చదువు ఎలా ఉంటుందో ఒక్క సంగతి చెబుతాను. మూడో సెమిస్టర్‌లో మాకు చిన్న క్లినిక్ డిజైన్ చేయమని ఇచ్చారు. రిసెప్షన్ గోడ మీద పడే వెలుతురు కోసం రెండు రాత్రులు కూర్చుని రెండర్లు (నిజమైన గదిలా కనబడే కంప్యూటర్ బొమ్మలు) తీశాను. క్రిట్‌కి, అంటే మా డ్రాయింగులు గోడకి పెట్టి తప్పొప్పులు చెప్పించుకునే రోజుకి, బయటినుంచి వచ్చిన ఆర్కిటెక్టు ఒకావిడ వాటి వంక చూడనేలేదు. ట్రేసింగ్ పేపర్ ముక్క మీద అంగుళంపావు వ్యాసంతో వృత్తం గీసి, కత్తిరించి, నా ఫ్లోర్ ప్లాన్‌లో బాత్రూమ్ మీద పెట్టింది. స్కేలు అడుక్కి పావంగుళం. అంటే ఆ బిళ్ళ 60 అంగుళాల వృత్తం, చక్రాల కుర్చీ ఒక చుట్టు తిరగడానికి కావలసిన చోటు. బిళ్ళ కమోడ్ మీదకి ఎక్కింది. పక్కకి జరిపితే గోడలో దూరింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. బిళ్ళని అక్కడే వదిలేసి పక్క డ్రాయింగ్ దగ్గరికి వెళ్ళిపోయింది.

వికలాంగుల హక్కుల కోసం 1990లో అమెరికా చేసిన ఏడీఏ చట్టం ఇలా మా చేతివేళ్ళలోకి దిగింది. తలుపు తెరిస్తే 32 అంగుళాల దారి ఉండాలి, మంటలు వస్తే జనం ఎటు బయటపడతారో ప్లాన్‌లో కనబడాలి. ఈ క్రమశిక్షణ బంగారం. కాకపోతే కోడ్‌లన్నీ ఆ దేశానివి, కొలతలన్నీ అడుగులూ అంగుళాలూ. వేరే దేశానికి వెళితే అలవాటు వెంట వస్తుంది, అంకెలు మళ్ళీ నేర్చుకోవాలి.

ఇక గడువు. సైన్సు, టెక్నాలజీ కోర్సులవాళ్ళకి ('స్టెమ్' అంటారు) ఓపీటీ మీద ఇంకో 24 నెలలు వస్తాయి. ఇంటీరియర్ డిజైన్ ఆ జాబితాలో లేదు. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద మీ కోర్సు పక్కన ఆరంకెల కోడ్ ఒకటి ఉంటుంది. అది 50.0408 అయితే మీకు దక్కేది 12 నెలలే. కొన్ని కాలేజీలు తమ ప్రోగ్రామ్‌ని భవన శాస్త్రానికి దగ్గరైన వేరే కోడ్ కింద నమోదు చేసుకుంటాయి, అలాంటి చోట పొడిగింపు దొరకొచ్చు. పాఠాలు దాదాపు అవే, తేడా ఆ కోడ్‌లోనే. కాబట్టి అడ్మిషన్ ఆఫీసుకి రాసే మొదటి ఈమెయిల్‌లోనే కోడ్ అడగండి. బ్రోషర్‌లో 'స్టెమ్' అని రాసుందా అని చూసి ఊరుకోవద్దు, అంకె తెప్పించుకోండి. ఆ 12 నెలల్లో కూడా ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు. ఆ తర్వాతి మజిలీ హెచ్-1బి లాటరీ. దాని గురించి అందరికీ తెలిసిందే.

ఈ ఇరుకులోంచి కొంత బయటపడే దారి కో-ఆప్. సిన్సినాటి విశ్వవిద్యాలయం 1906లో మొదలుపెట్టిన పద్ధతి ఇది: కొన్నాళ్ళు క్లాసు, కొన్నాళ్ళు జీతమిచ్చే ఆఫీసు, మళ్ళీ క్లాసు. అక్కడి డిజైన్ కాలేజీ విద్యార్థులూ అలాగే చదువుతారు. అర్హత ఉన్నవాళ్ళ పర్యవేక్షణలో చేస్తే ఈ గంటల్లో కొంత భాగం ఆ 3,520లో జమ అవుతుంది. కానీ ఇందులో ఒక బోను ఉంది. చదువుతుండగా చేసే ఈ పనికి సీపీటీ అనే అనుమతి తీసుకోవాలి. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండిందా, ఆ డిగ్రీకి ఓపీటీ మొత్తంగా పోతుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి గోడ క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ ఉండేది, జైల్లో ఖైదీలాగా. నవ్వేవాళ్ళం. ఆఖరికి ఓపీటీ నిలబెట్టుకున్నది తనే.

ఇంతకీ ఆ పరీక్ష అందరికీ కావాలా? అక్కర్లేదు. ఇళ్ళ లోపలి అలంకరణ, ఫర్నిచర్ ఎంపిక మాత్రమే చేయాలనుకుంటే చాలా రాష్ట్రాల్లో అది లేకుండానే బతకొచ్చు. నెవాడా, లూసియానా లాంటి చోట్ల లైసెన్సు చట్టాలున్నాయి. ఆస్పత్రులు, ఆఫీసులు, హోటళ్ళు చేసే పెద్ద సంస్థల్లో పైకి ఎదగాలంటే మాత్రం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే విలువ.

కెనడా: డిప్లొమానా, డిగ్రీనా?

ఇక్కడ పోటీ రెండు కాలేజీల మధ్య కంటే రెండు కాగితాల మధ్య ఎక్కువ. డిగ్రీ చదివితే చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్ మూడేళ్ళ దాకా ఉంటుంది. 88 వారాలు పూర్తయ్యాక కూడా ఏడాదికి పైగా మిగులుతుంది. నా భాగహారానికి శేషం రానిది ఈ దేశంలోనే. పరీక్ష అదే ఎన్‌సీఐడీక్యూ, గుర్తింపు అదే సీఐడీఏ.

డిప్లొమా కథ మారిపోయింది. 2024 నవంబర్ 1 నుంచి స్టడీ పర్మిట్‌కి అప్లై చేసినవాళ్ళు డిగ్రీ కాని కోర్సు చదివితే, అది ప్రభుత్వం ప్రకటించిన రంగాల్లో ఉంటేనే ఆ వర్క్ పర్మిట్ ఇస్తారు. వైద్యం, వ్యవసాయం, రవాణా, చేతివృత్తులు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. డిజైన్ డిప్లొమా తీసుకునేముందు ఆ జాబితాలో మీ కోర్సు కోడ్ మీరే వెతుక్కోండి. "మేం చూసుకుంటాం" అనే ఏజెంటు మాట మీద వెళ్ళొద్దు. కమీషన్ వచ్చేది మిమ్మల్ని చేర్పించినందుకు, మీరు అక్కడ ఉండగలిగినందుకు కాదు.

ఇంకో తిరకాసు: 'ఇంటీరియర్ డెకరేటింగ్' పేరుతో రెండేళ్ళ కోర్సులుంటాయి. వినడానికి రెండూ ఒకటే. ఆంటారియో రాష్ట్రంలో 'ఇంటీరియర్ డిజైనర్' అన్న పేరుకి చట్ట రక్షణ ఉంది. ఆరిడో అనే వృత్తి సంఘంలో అర్హత పొందినవాళ్ళే ఆ పేరు పెట్టుకోవాలి. డెకరేటింగ్ కోర్సుతో ఆ గడప దాటలేరు. టొరంటో మెట్రోపాలిటన్ లాంటి విశ్వవిద్యాలయాలే కాదు, హంబర్ లాంటివి కూడా నాలుగేళ్ళ ఇంటీరియర్ డిజైన్ డిగ్రీ ఇస్తాయి. వెబ్‌సైట్‌లో 'బ్యాచిలర్' అన్న మాట కనబడేదాకా కిందికి జరుపుతూనే ఉండండి.

బ్రిటన్

త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో బీఏ మూడేళ్ళు, స్కాట్లండ్‌లో నాలుగు. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో డిగ్రీ ఉంది. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ పీజీ వాళ్ళకే. పాత కట్టడాన్ని కూల్చకుండా కొత్త పనికి మలచడం మీద అక్కడి స్టూడియోలకి ప్రేమ ఎక్కువ; మీకూ అదే ప్రేమ ఉంటే ఆలోచించండి. తప్పనిసరి పరీక్ష లేదు, 'ఇంటీరియర్ డిజైనర్' అన్న పేరుకి చట్ట రక్షణా లేదు. అంతా పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన పనుల సంపుటి) మీదే నడుస్తుంది. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ళది. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే డిగ్రీ, మాస్టర్స్ వాళ్ళకి అది 18 నెలలకి తగ్గుతుంది. ఆ తర్వాత కంపెనీ స్పాన్సర్ చేసే వీసాకి జీతం ఇంతకంటే తగ్గకూడదని గీత ఉంది. ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్ళ జీతం ఆ గీతని తాకడం కష్టం. ఏడాది మాస్టర్స్ చేసి అనుభవంతో తిరిగొచ్చేద్దాం అనుకునేవాళ్ళకి బ్రిటన్ బాగుంటుంది. స్థిరపడాలనుకునేవాళ్ళకి నేను చెప్పను.

మిలాన్

ఫర్నిచర్ మీద మనసున్నవాళ్ళ సంగతి వేరు. 1961 నుంచి సలోనే దెల్ మోబిలె అనే ఫర్నిచర్ ప్రదర్శన జరిగేది ఇటలీలోని ఈ ఊళ్ళోనే. ఊరికి ఉత్తరాన బ్రియాంజా ప్రాంతంలో కుర్చీలూ బల్లలూ చేసే వర్క్‌షాపులు తరతరాలుగా ఉన్నాయి. గీసిన కుర్చీ ఎక్కడ విరుగుతుందో చెప్పే మనిషి బస్సు దూరంలో ఉంటాడు.

పొలిటెక్నికో ది మిలానో ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఫీజు కుటుంబ ఆదాయాన్నిబట్టి. అక్కడ ఇంటీరియర్ డిజైన్ డిగ్రీ ఇటాలియన్‌లో, ప్రవేశ పరీక్షతో ఉంటుంది. మాస్టర్స్ మాత్రం ఇంగ్లిష్‌లో. డొమస్ అకాడమీ, నాబా, ఐఈడీ లాంటి ప్రైవేటు సంస్థల్లో ఇంగ్లిష్ కోర్సులు దండిగా ఉన్నాయి, ఫీజులూ దండిగానే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 12 నెలల దాకా అనుమతి దొరుకుతుంది. క్లాసు ఇంగ్లిష్‌లో నడిచినా ఆఫీసు ఇటాలియన్‌లోనే నడుస్తుంది, వడ్రంగి అయితే మరీను. భాష నేర్చుకోనివాళ్ళు ఏడాదంతా రెండర్లు తీసే మూలన కూర్చుంటారు. (జర్మనీలో భాష గోడ ఇంకా ఎత్తు. 'ఇన్నెన్‌ఆర్కిటెక్ట్' అనిపించుకోవాలంటే ఆర్కిటెక్టుల చాంబర్‌లో నమోదు కావాలి, డిగ్రీ కోర్సులు చాలావరకు జర్మన్‌లో.)

నన్నడిగితే

పన్నెండో తరగతి అయి, ఆ దేశంలోనే వృత్తిలో నిలబడాలనుకుంటే కెనడా డిగ్రీ. నాలుగేళ్ళు పడుతుంది, మంచు పడుతుంది, కానీ లెక్క తేలుతుంది. అమెరికా మోజు తీరకపోతే కో-ఆప్ ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయం, రోజులు లెక్కపెట్టుకునే ఓపికతో. ఇప్పటికే ఆర్కిటెక్చర్ చదివినవాళ్ళు మళ్ళీ నాలుగేళ్ళు కూర్చోవడం దండగ, మాస్టర్స్ చాలు.

పార్ట్‌టైమ్ పని మీద ఆశతో బడ్జెట్ వేసుకుంటే మాత్రం ఏ దేశమైనా ముంచుతుంది. చదువుతుండగా అమెరికాలో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు, బ్రిటన్‌లో టర్మ్ నడిచేటప్పుడు 20, కెనడాలో క్యాంపస్ బయట 24 గంటలు చేసుకోవచ్చు. కాగితం మీద. స్టూడియో సబ్మిషన్ వారంలో మోడల్ కోసం ఫోమ్ బోర్డ్ కోస్తూ తెల్లవారుతుంది, షిఫ్టుకి వెళ్ళేదెవరు?

పోర్ట్‌ఫోలియోలో మెరిసే రెండర్లు తగ్గించి, చేత్తో గీసినవి, కొలిచి గీసినవి పెట్టండి. మీరు కూర్చున్న గదినే టేపుతో కొలిచి ప్లాన్, సెక్షన్ (నిలువునా కోస్తే కనబడే బొమ్మ) గీసి పెడితే పది ఇంటర్నెట్ బొమ్మల పెట్టు.

పోయినేడు ఒక ఆర్కిటెక్చర్ అమ్మాయి కెనడా మాస్టర్సా, మిలానా అని నెల రోజులు నా ప్రాణం తీసింది. నేను కెనడా అన్నాను. మిలాన్ వెళ్ళింది. ఈ మధ్య మెసేజ్ పెట్టింది: "అక్కా, వడ్రంగి నా డ్రాయింగ్ చూసి నవ్వాడు. ఆ కాలికి 18 మిల్లీమీటర్లు చాలవట. ఎందుకో చెప్పాడు గానీ సగమే అర్థమైంది. రేపు మళ్ళీ వెళ్తున్నా, డిక్షనరీ పట్టుకుని."