ఇరవై ఏళ్ళ జాబ్ కార్డు: వాడినవాళ్ళ మాట

మా ఇంట్లో రేషన్ కార్డు తరువాత ఎక్కువ కాలం నిలిచిన కాగితం ఉపాధి హామీ జాబ్ కార్డు. 2006 ఫిబ్రవరిలో దేశం మొత్తం మీద 200 జిల్లాల్లో ఈ పథకం మొదలైతే, వాటిలో మా విజయనగరం ఒకటి. పక్కనున్న శ్రీకాకుళానికి 2007లో వచ్చింది. మొదటి కార్డు అత్తగారి పేరు మీద ఉండేది. దాని అట్ట ఊడిపోతే బియ్యం సంచి గుడ్డ వేసి ఆవిడే కుట్టారు. ఇప్పుడు నడుస్తున్నది మూడో కార్డు, అందులో నా పేరు ముందుంది. చంపావతి ఒడ్డున మా ఊళ్ళో చెరువు పూడిక తీతలు, కాలువ పనులు, మెట్ట మీద కందకాలు అన్నీ దీనితోనే చేశాం.

మంచి ముందు చెబుతాను. కార్డు వచ్చేనాటికి మా ఊళ్ళో నాట్లకు ఆడకూలి నలభై, మగవాళ్ళకు డెబ్బై. చెరువు పనిలో 80 రూపాయలన్నారు. పార పట్టినా తట్ట మోసినా, ఆడైనా మగైనా ఒకటే లెక్క. అంతకుముందు రైతు కబురు పెడితే రాలేనని చెప్పడానికి అత్తగారు జ్వరమని అబద్ధం ఆడేవారు. ఆ వేసవిలో మాత్రం, "చెరువు పనికి పోతున్నాను బాబూ, కుదరదు" అని గుమ్మంలో నిలబడే చెప్పారు. మరుసటి ఏడాది నాట్లకు ఆడకూలి అరవై అయింది. కార్డు వల్ల మాకు వచ్చిన లాభంలో పెద్ద వాటా ఇదే. ఇది ఏ పే స్లిప్పులోనూ కనబడదు. మా కార్డుకు నూరు రోజులు నిండింది ఇన్నేళ్ళలో మూడుసార్లే. కానీ పనికి వెళ్ళని రోజున కూడా ఆ కార్డు మా తరఫున బేరమాడింది.

దీనికి రెండో వైపు లేదని అనను. మా బావగారికి ఎకరంన్నర పొలం. కూలి పెరిగిన ప్రతిసారీ ఆయన మా ఇంటికొచ్చి, "మీ కార్డు నా పంట తినేస్తోంది" అని ఒక కప్పు టీ తాగి వెళతారు. ఆయన బాధలో నిజం ఉంది. అయితే గిట్టుబాటు ధర రాని లోటును ఆడకూలీల కూలిలోంచి పూడ్చుకోమనడం నాకు న్యాయంగా తోచదు. ఆ సంగతి ఆయనకు చెప్పాను, టీ ఇచ్చాకే.

వలస ఆపుతుందని మాత్రం ఎవరూ ఆశపడవద్దు. సెంట్రింగు పని తెలిసినవాడు విశాఖ వెళ్ళినా, హైదరాబాద్ వెళ్ళినా ఇక్కడి కూలికి మూడింతలు తెచ్చుకుంటాడు. ఇది ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళకు, పెద్దవాళ్ళకు. 2020 వేసవిలో ఒక్కసారే ఆ మేస్త్రీలంతా తిరిగొచ్చి, 237 రూపాయల కూలికి మా పక్కన గునపాలు పట్టారు. రెండో రోజుకే వాళ్ళ అరచేతులు బొబ్బలెక్కితే మేము నవ్వుకున్నాం. అప్పటి భయంలో ఆ నవ్వు కూడా ఒక ఆధారమే.

ఇక చెడు. 2025-26కు రోజు కూలి 307 రూపాయలు అన్న మాట పేపర్లో చూసి రోజూ 307 పడుతుందని అనుకోవద్దు. మట్టి కొలతను బట్టి కూలి. గొయ్యి తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మ తవ్వకుండా వదులుతాం. నేల మొదట ఎంత ఎత్తున ఉందో అదే సాక్ష్యం. వారం చివర కొలతలవాళ్ళు వచ్చి టేపుతో కొలిచి, పుస్తకంలో రాసుకున్నాక దిమ్మ తీసేస్తాం. రెండేళ్ళ క్రితం మే నెలలో కొలతలకు నాలుగు రోజులు ఎవరూ రాలేదు. ఈలోగా గాలివాన వచ్చి దిమ్మ సగం కరిగి గోతిలోకి జారింది, గొయ్యి పూడింది. కొలిచినవాళ్ళు ఉన్నదే రాసుకున్నారు. ఆ వారం మా జట్టుకు మనిషికి రోజుకు 168 పడింది. మట్టి మోసిన భుజాన్ని ఏ టేపుతో కొలిపించాలి? (నిజం చెప్పాలి కాబట్టి: అంతకుముందు ఏడాది మా జట్టువాళ్ళే దిమ్మ మీద రెండు తట్టల మట్టి పోసి తడిపి మెత్తారు. దొరికిపోయాం.)

2023 జనవరి నుంచి హాజరు కోసం పనిచోట రోజుకు రెండు ఫొటోలు ఫోనులో ఎక్కించడం తప్పనిసరి అయింది. వేసవిలో ఆరింటికే పని మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగిస్తాం. రెండో ఫొటో సమయం వచ్చేదాకా గట్టు మీద కూర్చోవాలి. మెట్ట మీద సిగ్నల్ ఉండదు. మేట్ (మా జట్టు పని, హాజరు చూసే మనిషి) ఫోను పైకెత్తి తాటిచెట్ల మధ్య తిరుగుతూ ఉంటే వెనకే మేమంతా. ఫొటో ఎక్కకపోతే ఆ రోజు పని చేయనట్టే. ఏప్రిల్, మే నెలల్లో గట్టినేలకని మునుపు 30 శాతం వేసవి భత్యం కలిపేవారు. అది పోయింది, నేల మాత్రం మెత్తబడలేదు.

డబ్బు పదిహేను రోజుల్లో పడాలని చట్టం. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం. అంటే 1,500 రూపాయలు ఇరవై రోజులు ఆలస్యమైతే 15 రూపాయలు. ఆ పదిహేను కూడా నాకు ఎన్నడూ పడలేదు. 2024లో ఆధార్ ద్వారానే చెల్లింపు అన్నాక, అత్తగారి ఇంటిపేరు ఒకచోట ఉండి ఇంకోచోట లేదని రెండు నెలల కూలి ఆగింది. బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగాం. ఆటో ఖర్చు, పోయిన పని రోజులు కలిపితే ఆగిన కూలిలో మూడో వంతు.

ఐదుకు ఎన్ని అని అడిగితే చట్టానికి నాలుగున్నర వేస్తాను, నడిపిన తీరుకు రెండు.

2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో కొత్త చట్టం చేసింది. రోజులు 125 అన్నారు, సంతోషం. కూలి ఖర్చు ఇన్నాళ్ళూ కేంద్రమే భరించేది, ఇక మన రాష్ట్రం నూటికి నలభై పెట్టాలి. విత్తనాలు, కోతల కాలంలో మొత్తం 60 రోజులు పనులు ఉండవట. నాకు ఈ సంగతి పేపరు కంటే ముందు ఒక రైతు చెప్పారు. సంక్రాంతి వెళ్ళిన వారం చెరువు గట్టు మీద ఎదురై, "ఏమమ్మా, నాట్ల రోజుల్లో మీ కార్డు పని ఆపేస్తారట కదా. ఈ ఏడు రేటు నిదానంగా మాట్లాడుకుందాంలే" అన్నారు.

"ఇప్పుడే మాట్లాడుకుందాం బాబూ" అన్నాను. పొలంలో పని ఉందని వెళ్ళిపోయారు.